చేతితో నింపిన పిస్తోలు తూటాల పనిచక్ర లోపాలు

చేతితో నింపిన తూటా అనగా కర్మాగారంలో కాక, క్రీడాకారుడు తన సొంత పరికరాలతో కూర్చుకొన్న తూటా. తూటాను కాల్చిన తరువాత దాని ఇత్తడి తొడుగు చాలావరకు చెడిపోకుండా మిగులుతుంది. ఆ తొడుగును శుభ్రపరచి, సరైన కొలతకు తెచ్చి, మళ్ళీ నింపడాన్ని రీలోడింగ్ అంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోను, మరికొన్ని దేశాలలోను గురి పోటీలలో పాల్గొనేవారు ఖర్చు తగ్గించుకోవడానికీ, తమ పిస్తోలుకు అనువైన తూటాను పొందడానికీ ఈ పని చేస్తారు. ఇటువంటి తూటాలను అర్ధస్వయంచాలిత పిస్తోలులో వాడినపుడు ఆ పిస్తోలు పనిచక్రం మధ్యలో ఆగిపోవడం తరచుగా ఎదురయ్యే సమస్య.

ఈ వ్యాసంలో ఆ లోపాలకు కారణాలు, వాటిని గుర్తించే పద్ధతి, అన్నిటికంటే ప్రమాదకరమైన లోపం గురించిన వివరాలు ఉన్నాయి. ఏ తూటాలో ఎంత మందు వేయాలనే కొలతలు ఇందులో లేవు. ఆ కొలతలను మందు తయారీదారులు ప్రచురించే పట్టికల నుండి మాత్రమే తీసుకోవాలి.

తూటా భాగాలు

వాడుకలో తూటా, గుండు అనే మాటలను ఒకే అర్థంలో వాడుతుంటారు. ఈ వ్యాసంలో తూటా అంటే మొత్తం వస్తువు. గుండు అంటే దాని కొసన ఉండి, గొట్టం గుండా దూసుకుపోయే లోహపు ముక్క. తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి.

1. తొడుగు: సాధారణంగా ఇత్తడితో చేయబడుతుంది. మిగిలిన మూడు భాగాలను పట్టి ఉంచుతుంది. దాని అడుగున పిస్తోలు కొక్కెం పట్టుకోవడానికి వీలుగా అంచు, గాడి ఉంటాయి.
2. ప్రైమరు: తొడుగు అడుగున మధ్యభాగంలో అమర్చిన చిన్న గిన్నె వంటి భాగం. సూది తగలగానే మండి, లోపలి మందును వెలిగిస్తుంది.
3. మందు: పొగ తక్కువగా వచ్చే తుపాకిమందు. ఇది అతివేగంగా మండి వాయువుగా మారుతుంది.
4. గుండు: సీసంతో గాని, రాగి పూత లేదా రాగి తొడుగు గల సీసంతో గాని చేయబడుతుంది.

తూటా గుండును పంపించే సాధనం మాత్రమే కాదు. అర్ధస్వయంచాలిత పిస్తోలులో అది యంత్రాన్ని నడిపే ఇంధనం కూడా. అంతేగాక, అది ఆ యంత్రంలో కదిలే ఒక భాగం. కాబట్టి దాని బలం ఎంత ముఖ్యమో, దాని ఆకారం, కొలతలు కూడా అంతే ముఖ్యం. పనిచక్ర లోపాలను అర్థం చేసుకోవడానికి ఈ విషయమే ఆధారం.

చరిత్ర

రివాల్వరులో తిరిగే డోలును మనిషి వేలి బలమే తిప్పుతుంది. అందువలన తూటా బలహీనంగా ఉన్నా రివాల్వరు పని ఆగదు. తూటా బలాన్నే వాడుకొని తనంతట తానే మరుసటి తూటాను ఎక్కించుకొనే పిస్తోళ్ళు 19వ శతాబ్దం చివర వచ్చాయి. హ్యూగో బోర్కార్ట్ రూపొందించిన పిస్తోలు 1893 నాటిది. దాని నుండి జార్జ్ లూగర్ తన పిస్తోలును అభివృద్ధి చేశాడు. 9 మి.మీ. పారాబెల్లమ్ తూటాను 1902లో రూపొందించినది కూడా ఇతడే. 9 మి.మీ. లూగర్, 9×19 మి.మీ. అనే పేర్లు కూడా ఈ తూటావే.

అమెరికాకు చెందిన జాన్ మోజెస్ బ్రౌనింగ్ (1855 - 1926) రూపొందించిన .45 పిస్తోలును ఆ దేశ సైన్యం 1911లో స్వీకరించింది. గొట్టమూ, దానిపై జారే స్లైడూ కొద్ది దూరం కలిసి వెనుకకు జరిగి, ఆపై విడిపోయే ఏర్పాటు ఇందులో ఉంది. నేటి 9 మి.మీ. పిస్తోళ్ళలో అధిక భాగం ఈ సూత్రానికి రూపాంతరాలే.

1926లో అమెరికాలో ఏర్పడిన శామీ అనే తయారీదారుల సంస్థ తూటాల కొలతలకు, పీడనాలకు ప్రమాణాలను నిర్ణయిస్తున్నది. ఈ ప్రమాణం ప్రకారం 9 మి.మీ. లూగర్ తూటాలో గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. .45 ఏ.సి.పి. తూటాలో అది 21,000 పౌండ్లు మాత్రమే. 9 మి.మీ. తూటా మొత్తం పొడవు 29.69 మి.మీ. మించకూడదు.

పనిచక్రం

ట్రిగ్గరు నొక్కినప్పటి నుండి పిస్తోలు మళ్ళీ కాల్పుకు సిద్ధమయ్యే వరకు జరిగే వరుస చర్యలనే పనిచక్రం అంటారు. ఇవన్నీ సెకనులో స్వల్పభాగంలోనే పూర్తవుతాయి.

1. కాల్పు: సూది ప్రైమరును కొడుతుంది. మందు మండుతుంది. ఇత్తడి తొడుగు వ్యాకోచించి గది గోడలకు అతుక్కొని వాయువును వెనుకకు రానీయదు. గుండు ముందుకు కదులుతుంది.
2. తాళం విడుట: గొట్టం, స్లైడు కలిసి వెనుకకు జరుగుతాయి. గుండు బయటకు పోయి పీడనం తగ్గిన తరువాత గొట్టం వెనుక భాగం కిందికి వంగి స్లైడును వదులుతుంది.
3. లాగుట: స్లైడుకు ఉన్న కొక్కెం ఖాళీ తొడుగును గదిలో నుండి వెనుకకు లాగుతుంది.
4. విసరుట: వెనుకకు వస్తున్న తొడుగు ఒక స్థిరమైన ముక్కకు తగిలి పక్క కిటికీ గుండా బయటకు ఎగిరిపోతుంది.
5. స్ప్రింగు నొక్కుకొనుట: స్లైడు చివరి వరకు వెళ్ళి, స్ప్రింగులో శక్తిని నిలువ చేస్తుంది.
6. ఎక్కుట: స్ప్రింగు స్లైడును ముందుకు తోస్తుంది. అది మ్యాగజైను పైనున్న తూటాను నెట్టుకొంటూ, ఏటవాలు దారి మీదుగా గదిలోకి పంపుతుంది.
7. తాళం పడుట: గొట్టం పైకి లేచి స్లైడుతో బిగుసుకుంటుంది.

చివరి తూటా కాల్చిన తరువాత మ్యాగజైను లోని పీట ఒక మీటను పైకెత్తి, స్లైడును వెనుకనే నిలిపివేస్తుంది. చాలా పిస్తోళ్ళలో ఈ ఏర్పాటు ఉంటుంది.

శక్తి లెక్క

స్లైడు వెనుకకు రావడానికి కారణం న్యూటన్ మూడవ గమన నియమం. గుండుకు ముందువైపు ఎంత ద్రవ్యవేగం లభిస్తుందో, స్లైడు - గొట్టం జంటకు వెనుకవైపు సుమారుగా అంతే లభిస్తుంది. ఉదాహరణకు 124 గ్రెయిన్ల గుండు బరువు 8.04 గ్రాములు. అది సెకనుకు 307 మీటర్ల వేగంతో పోతే దాని ద్రవ్యవేగం సుమారు 2.47 కి.గ్రా.మీ./సె. స్లైడు, గొట్టం కలిపి అర కిలో అనుకొంటే, వాటి వేగం సెకనుకు దాదాపు 5 మీటర్లు. వాటి గతిజ శక్తి సుమారు 6 జౌళ్ళు. (వాయువు ఇచ్చే అదనపు తోపును ఈ లెక్కలో వదిలివేశాము.) ఇదే సమయంలో గుండు గతిజ శక్తి దాదాపు 379 జౌళ్ళు. అంటే యంత్రాన్ని నడిపే శక్తి గుండు శక్తిలో 2 శాతం కూడా లేదు.

ఈ కొద్దిపాటి శక్తితోనే తొడుగును లాగడం, విసరడం, స్ప్రింగును నొక్కడం, ఘర్షణను అధిగమించడం అన్నీ జరగాలి. పైగా గతిజ శక్తి వేగం యొక్క వర్గానికి అనుపాతంలో ఉంటుంది. గుండు వేగం 10 శాతం తగ్గితే స్లైడుకు లభించే శక్తి 19 శాతం తగ్గుతుంది. గుండు వేగంలో చిన్నదిగా కనిపించే తేడా పిస్తోలును ఆపివేయడానికి కారణం ఇదే.

పోటీ నియమాలు కూడా షూటర్లను ఈ అంచుకు తీసుకువస్తాయి. 1976లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య పోటీలలో పవర్ ఫ్యాక్టర్ అనే కొలమానం ఉంది. గుండు బరువును గ్రెయిన్లలోను, వేగాన్ని సెకనుకు అడుగులలోను తీసుకొని, రెంటినీ గుణించి 1000 చేత భాగిస్తే ఇది వస్తుంది. మైనర్ తరగతికి ఇది కనీసం 125 ఉండాలి. 147 గ్రెయిన్ల గుండు సెకనుకు 880 అడుగుల వేగంతో పోతే పవర్ ఫ్యాక్టర్ 129.4. ఎదురుతన్ను తక్కువగా ఉండాలని చాలామంది ఈ కనీసానికి దగ్గరగా తూటాలు నింపుతారు. కర్మాగారపు తూటాల కోసం అమర్చిన గట్టి స్ప్రింగు ఈ మెత్తని తూటాలకు ఎక్కువై స్లైడు సగంలోనే ఆగిపోవచ్చు. అటువంటి సందర్భంలో పిస్తోలు తయారీదారు అనుమతించిన పరిధిలో తేలికపాటి స్ప్రింగును అమర్చుకోవడం ఒక పరిష్కారం.

లోపాలు - కారణాలు

పిస్తోలు ఆగిన వెంటనే "తూటా బలం చాలలేదు" అనుకొని మందు పెంచడం కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు. చాలా లోపాలకు కారణం మందు కాదు, కొలత. కొలత తప్పిన తూటాలో మందు పెంచితే లోపం పోదు, పీడనం మాత్రం పెరుగుతుంది. కాబట్టి చక్రం ఏ మెట్టు వద్ద ఆగిందో ముందుగా చూడాలి.

తూటా గదిలోకి ఎక్కకపోవుట

తూటా ముక్కు ఏటవాలు దారికి గుచ్చుకొని ఆగిపోతుంది. తూటా మొత్తం పొడవు మరీ తక్కువగా ఉండటం, గుండు ముక్కు మొద్దుగా లేదా బల్లపరుపుగా ఉండటం, మ్యాగజైను పెదవులు వంగి ఉండటం, మ్యాగజైను స్ప్రింగు బలహీనపడటం దీనికి ముఖ్య కారణాలు. బలహీనమైన తూటా వలన స్లైడు తగినంత వెనుకకు రాకపోతే అది కొత్త తూటాను అందుకోలేక ఖాళీ గదిపైనే మూసుకుంటుంది. మరీ బలమైన తూటాతోను ఇదే ఫలితం రావచ్చు. స్లైడు అతివేగంగా తిరిగి వస్తే మ్యాగజైను స్ప్రింగు తూటాను సమయానికి పైకెత్తలేదు. ఒకే లక్షణానికి రెండు వ్యతిరేక కారణాలు ఉండవచ్చని దీనివలన తెలుస్తుంది.

స్లైడు పూర్తిగా మూసుకోకపోవుట

తూటా గదిలోకి వెళ్ళినా, స్లైడు ఒకటి రెండు మిల్లీమీటర్ల ముందే ఆగిపోతుంది. చేతితో నింపిన తూటాలలో ఇది చాలా సాధారణం. కారణాలు ఇవి.

* తొడుగు తగినంత సన్నబడలేదు. కాల్పులో ఉబ్బిన తొడుగును డై అనే అచ్చులోకి నెట్టి పూర్వపు కొలతకు తెస్తారు. డైను సరిగా దించకపోతే అడుగు భాగంలో ఉబ్బు మిగిలిపోతుంది.
* మూతి వెడల్పు మిగిలింది. గుండును కూర్చోబెట్టడానికి ముందు తొడుగు మూతిని కొద్దిగా విప్పుతారు. చివరకు దానిని మళ్ళీ నొక్కివేయాలి. 9 మి.మీ. తూటాకు మూతి వద్ద వ్యాసం 9.65 మి.మీ., .45 ఏ.సి.పి. తూటాకు 12.01 మి.మీ. మించరాదు.
* తూటా పొడవు ఎక్కువైంది. గుండు ముందే గొట్టం లోపలి మెలిక గాళ్ళకు తగులుతుంది. ప్రమాణం చెప్పిన గరిష్ఠ పొడవుకు లోబడి ఉన్నా, గుండు భుజం లావుగా ఉంటే కొన్ని గొట్టాలలో ఇలా జరుగుతుంది.
* గుండు వంకరగా కూర్చుంది. తొడుగుకు ఒకవైపు ఉబ్బు కనిపిస్తుంది.

మూతిని నొక్కేటపుడు అతి కూడా పనికిరాదు. 9 మి.మీ., .45 ఏ.సి.పి. తూటాలు తమ మూతి అంచును గదిలోని చిన్న మెట్టుకు ఆనించి నిలుస్తాయి. మూతిని లోపలికి మడిచినంతగా నొక్కితే ఆ ఆనిక పోయి తూటా లోతుకు జారుతుంది. అపుడు సూది దెబ్బ తేలికగా తగులుతుంది.

తూటా పేలకపోవుట

ట్రిగ్గరు నొక్కితే "టిక్" మనే శబ్దం మాత్రమే వస్తుంది. ప్రైమరు పూర్తిగా లోపలికి కూర్చోకపోవడం దీనికి ప్రధాన కారణం. సూది మొదటి దెబ్బ ప్రైమరును లోపలికి తోయడానికే ఖర్చవుతుంది. అదే తూటా రెండవ దెబ్బకు పేలితే ఈ కారణాన్నే అనుమానించాలి. సరిగా కూర్చున్న ప్రైమరు తొడుగు అడుగు మట్టం కంటే రవ్వంత లోపలికి ఉంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. నూనె తగిలిన ప్రైమరు, మెత్తని సూది స్ప్రింగు కూడా ఈ లోపానికి కారణాలే.

తూటా పేలకపోతే పిస్తోలును వెంటనే తెరవకూడదు. మందు ఆలస్యంగా అంటుకొనే అవకాశం అరుదుగానైనా ఉంది. గొట్టాన్ని సురక్షితమైన దిశలోనే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగిన తరువాత తూటాను తీయాలి.

ఖాళీ తొడుగు గదిలోనే ఉండిపోవుట

కొక్కెం జారిపోవడం, తొడుగు అంచు చిరిగి ఉండటం, గది మురికిగా ఉండటం దీనికి కారణాలు. పీడనం మితిమీరినపుడు కూడా తొడుగు గదిలో గట్టిగా బిగుసుకుపోతుంది. కర్మాగారపు తూటాలు సులభంగా వచ్చి, చేతితో నింపినవి మాత్రమే బిగుసుకుంటుంటే కాల్చడం ఆపి మందు తూకాన్ని సరిచూడాలి.

ఖాళీ తొడుగు కిటికీలో చిక్కుకొనుట

తొడుగు పూర్తిగా ఎగిరిపోక, స్లైడు మూసుకొంటుండగా దానికీ గొట్టానికీ మధ్య పొగగొట్టంలా నిలబడి చిక్కుకుంటుంది. స్లైడు వేగం చాలకపోవడం దీనికి ముఖ్య కారణం. తొడుగులు దూరంగా పోక పాదాల దగ్గరే రాలుతుంటే తూటా మెత్తగా ఉన్నదని అర్థం. తొడుగు పక్కల నల్లని మసి కనిపించడం కూడా పీడనం తక్కువైనదనడానికి గుర్తు. తొడుగు తగినంతగా వ్యాకోచించక వాయువు వెనుకకు కారడమే ఆ మసికి కారణం.

అయితే ఈ లోపానికి షూటరు చేయి కూడా కారణం కావచ్చు. స్లైడు వెనుకకు రావాలంటే పిస్తోలు చట్రం చేతిలో నిలకడగా ఉండాలి. మణికట్టు సడలితే చట్రం కూడా స్లైడుతోపాటు వెనుకకు పోయి, వాటి మధ్య జరగవలసిన కదలిక తగ్గుతుంది. తేలికపాటి చట్రం గల పిస్తోళ్ళలో ఈ ప్రభావం ఎక్కువ.

గుండు తొడుగులోకి కుంగిపోవుట

ఏటవాలు దారికి తగిలిన దెబ్బకు గుండు తొడుగు లోపలికి జారవచ్చు. దీనివలన తూటా పొడవు తగ్గుతుంది. అంతకంటే ముఖ్యంగా, మందు మండే చోటు తగ్గి పీడనం బాగా పెరుగుతుంది. 9 మి.మీ., .40 వంటి చిన్న తొడుగులలో ఈ ప్రమాదం ఎక్కువ. గుండును బిగించి ఉంచేది ప్రధానంగా తొడుగు గోడల పట్టు. మూతి నొక్కు కాదు. పరీక్షించడానికి తూటా పొడవును కొలిచి, గుండును బల్ల అంచుకు బొటనవేలి బలంతో గట్టిగా అదిమి, మళ్ళీ కొలవాలి. పొడవు తగ్గితే ఆ తూటాలను వాడరాదు. ఒకే తూటాను పదేపదే గదిలోకి ఎక్కించి తీయడం కూడా మంచిది కాదు.

గొట్టంలో చిక్కిన గుండు

అన్ని లోపాలలోకి ప్రమాదకరమైనది ఇది. తొడుగులో మందు వేయడం మరచిపోతే ప్రైమరు ఒక్కటే పేలుతుంది. ఆ కొద్ది బలానికి గుండు తొడుగును వదలి గొట్టంలోకి వెళ్ళి, మధ్యలో చిక్కుకుంటుంది. శబ్దం మామూలుగా కాక "టప్" మని చిన్నగా వస్తుంది. ఎదురుతన్ను ఉండదు. స్లైడు కదలదు, లేదా కొద్దిగా మాత్రమే కదులుతుంది.

షూటరుకు ఇది మామూలు పనిచక్ర లోపం లాగానే కనిపిస్తుంది. పోటీలో గడియారం నడుస్తుంటే, అలవాటు ప్రకారం స్లైడును లాగి, కొత్త తూటా ఎక్కించి, మళ్ళీ ట్రిగ్గరు నొక్కుతాడు. రెండవ గుండు మొదటిదాన్ని వెనుకనుండి ఢీకొంటుంది. గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. చేతికి, కంటికి, పక్కనున్నవారికి గాయాలు కావచ్చు. గురి స్థలాలలో శబ్దం తేడాగా వినబడిన వెంటనే పర్యవేక్షకులు "ఆపండి" అని కేకవేయడానికి కారణం ఇదే.

కాబట్టి ఒక నియమాన్ని తప్పక పాటించాలి. శబ్దంలో గాని, ఎదురుతన్నులో గాని తేడా తెలిస్తే స్లైడును లాగి మళ్ళీ కాల్చకూడదు. గొట్టాన్ని సురక్షిత దిశలో ఉంచి, 30 సెకన్లు ఆగి, మ్యాగజైనును తీసి, గదిని ఖాళీ చేయాలి. తరువాత పిస్తోలును విడదీసి గొట్టాన్ని వేరుచేసి, దాని గుండా వెలుతురు కనబడుతున్నదో లేదో చూడాలి. గుండు చిక్కి ఉంటే తుపాకి మరమ్మతు తెలిసినవారి చేత తీయించడం ఉత్తమం. మరొక తూటాతో దానిని బయటకు కొట్టే ప్రయత్నం ఎన్నడూ చేయరాదు.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు ఒకే తొడుగులో రెండుసార్లు మందు వేయడం. పిస్తోలు తూటాలలో మందు పరిమాణం తక్కువ కనుక కొన్ని రకాల మందును రెండింతలు వేసినా తొడుగు పొర్లిపోదు. గుండును అమర్చిన తరువాత పైనుండి తెలియదు. అటువంటి తూటా పిస్తోలును పగులగొట్టగలదు. అందుచేత అనుభవజ్ఞులు సగానికి పైగా తొడుగును నింపే మందును ఎంచుకొంటారు. రెండుసార్లు వేస్తే అది పొర్లి వెంటనే కనబడుతుంది.

కారణాన్ని వెదికే క్రమం

1. మొదట కర్మాగారపు తూటాలతో పరీక్షించాలి. అవి కూడా ఆగితే దోషం పిస్తోలులోనో, మ్యాగజైనులోనో, పట్టులోనో ఉన్నది. అవి సాఫీగా నడిచి, నింపినవి మాత్రమే ఆగితే దోషం తూటాలో ఉన్నది, లేదా ఆ తూటాకూ స్ప్రింగుకూ పొంతన కుదరలేదు.
2. మ్యాగజైనులపై అంకెలు వేయాలి. లోపం ఎప్పుడూ ఒకే మ్యాగజైనుతో వస్తుంటే తూటాలను నిందించ పనిలేదు.
3. గొట్టంతో పరీక్షించాలి. పిస్తోలును ఖాళీ చేసి, గొట్టాన్ని విడదీసి, గదిలోకి తూటాను జారవిడవాలి. అది "టక్" మని పూర్తిగా దిగాలి. వేలితో స్వేచ్ఛగా తిరగాలి. గొట్టాన్ని తలకిందులు చేస్తే దానంతట అదే జారిపడాలి. దిగినా తిరగకపోతే గుండు గాళ్ళకు తగులుతున్నది. పూర్తిగా దిగకపోతే తూటాకు నల్లని మార్కరు సిరా పూసి మళ్ళీ జారవిడిస్తే, రాసుకొన్న చోట సిరా చెరిగి దోషం ఎక్కడున్నదో తెలుస్తుంది.
4. కొలవాలి. పాఠశాల ప్రయోగశాలలో వాడే వెర్నియర్ కాలిపర్స్ వంటి సాధనమే ఇక్కడ ప్రధాన పరికరం. తూటా పొడవు, మూతి వ్యాసం, తొడుగు పొడవు చూడాలి. ఏరి తెచ్చిన 9 మి.మీ. తొడుగులలో దాదాపు అదే లావు గల .380 తొడుగులు కలుస్తుంటాయి. 9 మి.మీ. తొడుగు గరిష్ఠ పొడవు 19.15 మి.మీ. కాగా .380 తొడుగు సుమారు 17 మి.మీ. మాత్రమే.
5. ఒక్క తూటాతో పరీక్షించాలి. మ్యాగజైనులో ఒకే తూటా వేసి కాల్చితే స్లైడు వెనుక నిలవాలి. పలుమార్లు చేసినా నిలవకపోతే తూటా బలం ఆ స్ప్రింగుకు చాలడం లేదనడానికి అవకాశం ఎక్కువ. మీట మీద బొటనవేలు ఆని ఉన్నదేమో కూడా చూసుకోవాలి.
6. వేగాన్ని కొలవాలి. క్రోనోగ్రాఫ్ అనే పరికరం గుండు వేగాన్ని చూపుతుంది. సగటు వేగమే కాక, తూటాకూ తూటాకూ మధ్య తేడా ఎంత ఉన్నదో చూడాలి. తేడా ఎక్కువైతే మందు వేసే పరికరం ఒకే తూకం ఇవ్వడం లేదేమో పరిశీలించాలి.
7. ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. పొడవు, మందు, స్ప్రింగు మూడింటినీ ఒకేసారి మార్చితే లోపం పోయినా కారణం తెలియదు.

పై పరీక్షలలో కొలతలన్నీ సరిగా ఉండి, బలమే తక్కువని తేలినపుడు మాత్రమే మందు విషయం ఆలోచించాలి. అదీ పట్టికలో ఆ గుండుకు చెప్పిన గరిష్ఠానికి లోబడి, కొద్దికొద్దిగా పెంచుతూ చూడాలి. గుండు రకం మారినా, తూటా పొడవు తగ్గినా పాత తూకం చెల్లదు. పట్టికలోని ప్రారంభ తూకం నుండి మళ్ళీ మొదలుపెట్టాలి.

ముందుజాగ్రత్తలు

* కొత్త కొలతతో మొదట పది పన్నెండు తూటాలు మాత్రమే నింపి పరీక్షించాలి. ఒకేసారి వేయి నింపితే, దోషం ఉన్నపుడు వేయింటినీ విడదీయవలసి వస్తుంది.
* గుండును అమర్చే ముందు ప్రతి తొడుగు లోపల వెలుతురులో చూసి, మందు మట్టం సమానంగా ఉన్నదని నిర్ధారించుకోవాలి.
* బల్లపై ఒకేసారి ఒక్క రకం మందు డబ్బా మాత్రమే ఉండాలి. మిగిలిన మందును తిరిగి దాని సొంత డబ్బాలోనే పోయాలి.
* పని చేస్తుండగా మాటలు, టెలివిజన్, పొగతాగడం కూడదు. మధ్యలో లేవవలసివస్తే ఆ సమయంలో ప్రెస్సులో ఉన్న తొడుగును ఖాళీచేసి మళ్ళీ మొదలుపెట్టాలి.
* ప్రతి పెట్టెపై తేదీ, గుండు బరువు, మందు పేరు, తూకం, తూటా పొడవు రాయాలి. ఇతరులు నింపిన, వివరాలు లేని తూటాలను కాల్చరాదు.
* కాల్చేటపుడు కంటి అద్దాలు, చెవి రక్షణ తప్పనిసరి. సీసంతో పనిచేసిన తరువాత చేతులు కడుగుకోవాలి.

చట్టం

అమెరికాలో 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం అమ్మకం కోసం తూటాలు తయారు చేసేవారికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు అవసరం. సొంత వాడకానికి నింపుకొనేవారికి ఆ లైసెన్సు అక్కరలేదు. రాష్ట్రాల నియమాలు వేరుగా ఉండవచ్చు. అక్కడ చదువుకొంటున్న, ఉద్యోగం చేస్తున్న తెలుగువారు ఒక విషయం గమనించాలి. విద్యార్థి వీసా, ఉద్యోగ వీసా వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకినే కాదు, తూటాలను కలిగి ఉండటాన్ని కూడా ఆ దేశ కేంద్ర చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి.

భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. 2019 సవరణ చట్టం ఇటువంటి నేరాలకు శిక్షలను పెంచింది. తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన ఇంటివద్ద తూటాలు నింపే హక్కు రాదు.

మన దేశపు క్రీడాకారులు పాల్గొనే ఒలింపిక్ పిస్తోలు పోటీలలో చేతితో నింపిన తూటాలకు తావు లేదు. 10 మీటర్ల పోటీ గాలి పిస్తోలుతో జరుగుతుంది. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం సాధించిన 25 మీటర్ల పిస్తోలు పోటీలో .22 తూటాలను వాడుతారు. ఈ తూటాలో ప్రత్యేకమైన ప్రైమరు ఉండదు. పేలే పదార్థం తొడుగు అంచులోనే ఉంటుంది. సూది దెబ్బకు ఆ అంచు నలిగిపోతుంది కనుక తొడుగును తిరిగి నింపడానికి వీలుకాదు. అయినా ఆ పిస్తోళ్ళలో కూడా పనిచక్రం ఆగిపోవడం ఉన్నది. మ్యాగజైను, స్ప్రింగు, గది పరిశుభ్రత, పట్టు గురించి పైన చెప్పినవి, శబ్దంలో తేడా వస్తే వెంటనే ఆపాలనే నియమం వాటికి కూడా వర్తిస్తాయి.